రోడ్డు చివర రేవు

విజయవాడలో బందరు రోడ్డు తెలియనివాళ్లు ఉండరు. చీరల దుకాణాలు, ఆస్పత్రులు, స్టేడియం అన్నీ దాని మీదే. కాగితాల మీద మహాత్మాగాంధీ రోడ్డని రాసుకున్నా, ఆటో ఎక్కి ఆ పేరు చెప్పేవాళ్లు తక్కువ. కానీ ఆ రోడ్డు పట్టుకుని చివరిదాకా, అంటే బందరు దాకా పనిగట్టుకుని వెళ్లినవాళ్లు ఎంతమంది? పెళ్లికో, కలెక్టరాఫీసులో పనికో, కార్తీక పున్నమి నాటి సముద్ర స్నానానికో తప్ప 'పదండి, బందరు చూసొద్దాం' అనేవాళ్లు అరుదు. 'అక్కడ చూడ్డానికి ఏముందండీ?' అంటారు. పనిలో పనిగా ఓ కిలో లడ్డూ తెమ్మని మాత్రం చెబుతారు.

ఏముందో ఈ వారం చూద్దాం. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లు. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే సాయంత్రం కాస్త పొద్దుపోయాక ఇంటికొచ్చేయొచ్చు.

ముందుగా ఈ రోడ్డు సంగతే. ఇప్పటి లెక్కలో ఇది 65వ నంబరు జాతీయ రహదారి. పాత లెక్కలో తొమ్మిది. పుణెలో మొదలై షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ దాటి, బందరులో ఆగిపోతుంది. అంత దూరం నుంచి వచ్చిన రహదారి, పెద్ద ఫ్యాక్టరీ లేని, పెద్ద రైల్వే జంక్షనూ లేని ఊళ్లో ఎందుకు ఆగింది? ఎందుకంటే ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల సరుకంతా సముద్రం ఎక్కింది ఇక్కడే. అంగుళం అంగుళం అదే దారి కాకపోవచ్చు గానీ, గోల్కొండ కోట నుంచి బందరు రేవుకి ఎడ్లబళ్లు, పల్లకీలు నడిచిన దారికి ఇది వారసురాలు. వజ్రాలు కొనడానికి మన దేశానికి పదే పదే వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 1652లో ఓడ దిగింది కూడా బందరులోనే. ఊరంతా కొయ్య ఇళ్లేనని, అయితే బంగాళాఖాతంలో ఓడలు నిలపడానికి ఇంతకంటే మంచి చోటు లేదని రాసుకున్నాడు. పెగూకి, సయాంకి, మక్కాకి, హోర్ముజ్‌కి, సుమత్రాకి ఇక్కణ్నుంచి ఓడలు వెళ్లేవని జాబితా కూడా ఇచ్చాడు.

'బందర్' అంటేనే పారశీకంలో రేవు. అంటే మనం ఆ ఊరిని ఇప్పటికీ 'రేవు' అనే పిలుస్తున్నాం. రేవు పోయినా పిలుపు పోలేదు.

కంకిపాడు దాటాక ప్రయాణం హాయిగా ఉంటుంది. కాలవ, వరిచేలు, ఉయ్యూరు దగ్గర చెరుకు. పామర్రులో కుడివైపు తిరిగితే కూచిపూడి. గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా బందరు ప్రయాణంలో కూచిపూడి భాగవతుల ఆట చూసి, ముచ్చటపడి ఆ ఊరిని వాళ్లకి అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. మన నాట్యానికి ఓ ఊరు దక్కడం వెనక కూడా బందరు దారి ఉందన్నమాట. పామర్రు దాటాక నేల తీరు మెల్లగా మారుతుంది. తాటిచెట్లు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మీదుగా ఉప్పుగాలి. సముద్రం కనపడదు గానీ దగ్గర్లోనే ఉన్నట్టు తెలిసిపోతుంది.

పేటల పేర్లు చూడండి

బందరు చరిత్ర చూడాలంటే మ్యూజియం కోసం వెతక్కండి. ఆటోవాళ్లు పిలిచే పేర్లు వినండి చాలు. వలందపాలెం. ఫరాసుపేట. ఇంగ్లీషుపాలెం. మూడు దేశాలు మూడు పేటలై కూర్చున్నాయి.

వలందులంటే హాలండువాళ్లు, డచ్చివాళ్లు. 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ 1611లో వచ్చింది. ఫరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు 1669లో దుకాణం తెరిచారు. ముగ్గురూ వచ్చింది గుడ్డ కోసమే. కృష్ణా డెల్టాలో నేసి, అద్దిన గుడ్డని ఇక్కడ కొని, దాన్ని ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి మిరియాలు, లవంగాలు తెచ్చుకునేవాళ్లు. మసాలా దినుసుల వ్యాపారానికి మన గుడ్డే నాణెం అన్నమాట.

చెన్నై వాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ, వాళ్ల ఊరు బందరుకి తమ్ముడి వరస. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషు కంపెనీ కాస్త ఇసకనేల సంపాదించి కోట కట్టుకుంది. 1641లో కోరమాండల్ తీరపు పెత్తనాన్ని బందరు నుంచి అక్కడికి మార్చేసింది. అలా తమ్ముడు పెద్దవాడయ్యాడు, అన్న చిక్కిపోయాడు.

1750లో ఈ ఊరు ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట కోట మీదపడి పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల మీద ఇంగ్లీషువాళ్ల పట్టు బిగిసింది ఆ దెబ్బతోనే. అయినా ఫ్రెంచివాళ్లకి ఊళ్లో చిన్న ముక్క మిగిలే ఉంది. ఎన్నాళ్లు మిగిలిందో తెలుసా? మనకి స్వాతంత్ర్యం వచ్చి ఎర్రకోట మీద జెండా ఎగిరిన రోజున కూడా బందరులో కాస్త నేల ఫ్రాన్సుదే. 1947 అక్టోబరులో గానీ దాన్ని మనకి అప్పగించలేదు.

సమాధుల మీద చెక్కిన ఓడలవాళ్లు

ఊళ్లో డచ్చివాళ్ల శ్మశానం ఉంది. 17వ శతాబ్దం నాటి రాళ్లు. ఒక్కో రాయి మీద వంశ చిహ్నాలు, వాటి కింద డచ్చి అక్షరాలు. చెక్కిన పనివాళ్లకి ఆ భాష ఒక్క ముక్క కూడా వచ్చి ఉండదు. అయినా అక్షరాలు పొంగించి ఎంత శుభ్రంగా చెక్కారంటే, వేలితో తడిమితే ఇప్పటికీ చదవొచ్చు. మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాల మీద అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి 1897లోనే ఓ పుస్తకం వేశాడు. అంటే వందేళ్ల కిందటే ఎవరో ఒకరు వీటిని విలువైనవిగా గుర్తించారు.

వాటి మధ్య తిరుగుతుంటే ఒక్కటే అనిపిస్తుంది. ఆరు నెలలకి పైగా ఓడలో కొట్టుకొచ్చి, భాష రాని చోట, అలవాటు లేని ఎండలో, జ్వరాలతో పోయిన కుర్రాళ్లు వీళ్లు. లాభం మాటెలా ఉన్నా, వాళ్ల అమ్మలకి ఆ కబురు చేరేసరికి ఏడాది పట్టి ఉంటుంది.

సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా అనే అమ్మాయి సమాధి ఉంది. ఆమెని ప్రేమించిన సైన్యాధికారి జాన్ పేటర్, శాఖాభేదం వల్ల ఆమెని శ్మశానంలో పూడ్చనివ్వకపోతే, సమాధి కట్టి దాని చుట్టూ చర్చినే లేపాడని బందరులో కథగా చెప్పుకుంటారు. కథలో నిజం పాలెంతో గానీ, వినడానికి వెళ్లేవాళ్లు మాత్రం ఉన్నారు.

కోట దగ్గరికి వెళ్లాలంటే రేవు వైపు పోవాలి. గోడలు చాలావరకు పోయాయి. ఆయుధాగారమనే పాత కట్టడం, గంటలు కట్టిన బురుజు మిగిలాయి. కోటకి ఆనుకుని సముద్రం ఉంటుందనుకుంటే నిరాశే. చిత్తడి, తుమ్మచెట్లు, దూరంగా గిలకలదిండి పడవలు. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు ఇక్కడి సముద్రాన్ని పూడ్చేసింది. చివరికి పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసుకుంటే, పడవల మీద సరుకు తెచ్చుకోవాల్సి వచ్చింది. మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టిన ఆ తరహా పడవల్ని తెల్లవాళ్లు 'మసూలా' పడవలన్నారు. తీరం పొడుగునా ఆ పేరే స్థిరపడింది.

ఒక్క రాత్రి

పూడిక మెల్లగా చంపే రోగం. 1864 నవంబరు 1 రాత్రి వచ్చింది మాత్రం ఒక్క దెబ్బ. తుఫాను గాలితో పాటు సముద్రం లేచి ఊరి మీదకి వచ్చింది. మామూలు పోటు మీద పదమూడు అడుగుల ఎత్తున వచ్చిందని ఆనాటి లెక్కలు. మైళ్ల కొద్దీ లోపలికి నీళ్లు నడిచాయి. ఊళ్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి దాదాపు 30 వేలమంది పోయారు. బందరు మళ్లీ ఆ పాత బందరు కాలేదు.

ఒక్క విషయం గమనించండి. డెల్టాలో పుట్టినవాళ్లకి సముద్రం అందం కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ఊడ్చేసినప్పుడు పోయినవాళ్లు పదివేల లెక్కలో ఉన్నారు. 2004 డిసెంబరు 26 సునామీ ఈ తీరాన్నీ వదల్లేదు. మంగినపూడి బీచికి వెళ్లి ఫొటోలు దిగేటప్పుడు పక్కనే నిలబడ్డ బెస్తవాళ్ల ముఖాలు కూడా చూడండి. మనం అలల్ని చూస్తాం, వాళ్లు మబ్బుల్ని చూస్తారు.

రేవు పోయాక బందరు చదువు పట్టుకుంది. 1843లో మొదలైన నోబుల్ కళాశాల, హిందూ హైస్కూలు, 1902లో కృష్ణాపత్రిక, 1910లో కోపల్లె హనుమంతరావు గారి ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు. చెళ్లపిళ్ల వారు హిందూ హైస్కూల్లో పాఠం చెబుతుంటే ముందు బల్లల మీద కూర్చున్న పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. జెండా పింగళి వెంకయ్య గారిది ఈ ఊరికి దగ్గర్లోని భట్లపెనుమర్రు. ఆయనా జాతీయ కళాశాలలో పనిచేసినవారే. ఇందులో ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పుట్టిన ఊళ్లో ఆ బోర్డు దింపిన రోజున ఎంతమంది పెద్దవాళ్లు మౌనంగా నిలబడ్డారో ఊహించుకోవచ్చు.

పెడన గుడ్డ

అన్నీ పోయాయా అంటే, పోనిది ఒకటుంది. దాని కోసం పది కిలోమీటర్ల అవతల పెడన వెళ్లాలి.

ఓ పాక ముందు కారాపి లోపలికి వెళ్తే బారుగా బల్లలు. వాటి మీద తడిపిన గోనె, దాని మీద గుడ్డ. ఒకాయన టేకు అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో రెండు దెబ్బలు వేసి లేపాడు. పువ్వు పడింది. పక్కనే ఇంకో పువ్వు. మధ్యలో గీత గీసుకోలేదు, కొలత పెట్టలేదు.

"కొలత లేకుండా ఎలా కుదురుతుందండీ?" అన్నాను.

"కుదరదండీ. నలభై ఏళ్లు పడతది" అన్నాడు నవ్వి.

పని చాలా ఉంది. ముందు గుడ్డని గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగుని అటూ ఇటూ పాకనివ్వదు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చేది నలుపుకి. ఎరుపుకైతే పటిక, జిగురు. అద్దినప్పుడు ఆ పటిక చోటు ఎర్రగా ఏమీ ఉండదు. దాన్ని కొన్నాళ్లు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, రాగి కాగుల్లో జాజి ఆకు, ఎర్రరంగుతో కలిపి ఉడికిస్తారు. అప్పుడు చూడాలి. పటిక తగిలిన చోటల్లా ఎర్రబడుతుంది, ఇనుము తగిలిన చోటు నల్లగా నిలుస్తుంది, ఏమీ తగలని చోటు తెల్లబడుతుంది. ఒకే కాగులో ఉడికిన గుడ్డ మీద మూడు రంగులు. ఒకప్పుడు ఆ ఎరుపు ఈ నేలలో దొరికే చిరివేరు నుంచి వచ్చేది.

ఈ గుడ్డ కోసమే యూరపు పిచ్చెక్కిపోయింది. ఎంతగా అంటే, తమ నేతగాళ్లు మునిగిపోతున్నారని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ 1721లో మన అద్దకాల మీద నిషేధం పెట్టాయి. ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ తీరపు అద్దకాల్ని అద్దాల వెనక పెట్టి చూపిస్తున్నారు. పెడనలో మాత్రం అద్దాలు లేవు. తడిచేతులున్నాయి.

ఆ చేతులకి ఇప్పుడు పోటీ స్క్రీన్ ప్రింటు. ఇవే పువ్వులు, ఇవే నెమళ్లు, గంటలో వంద గజాలు. బజార్లో దానికీ 'కలంకారీ' అనే పేరు పెట్టి అమ్ముతున్నారు. అచ్చు గుడ్డ చేతికొచ్చేసరికి పదిహేను ఇరవై రోజులు. ఒక్క వాన పడితే అంతా ఆగిపోతుంది. కాలవలో పారే నీళ్లు లేకపోయినా అంతే.

"మా వాడు బెజవాడలో సెల్‌ఫోన్ల షాపులో చేస్తన్నాడండీ" అన్నాడాయన, అచ్చు లేపుతూ. "వాడిది తప్పేం లేదు. ఇక్కడ రోజుకూలి ఎంతొస్తదో నాకు తెలుసు కదా."

కొనేవాళ్లకి తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. గుడ్డని తిరగేసి చూడండి. అచ్చు గుడ్డకి రంగు వెనకదాకా దిగి ఉంటుంది, స్క్రీన్ రంగు చాలావరకు పైనే కూర్చుంటుంది. పువ్వుకీ పువ్వుకీ మధ్య అతుకు దగ్గర ఓ వెంట్రుకవాసి తేడా కనపడితే సంతోషించండి, అది మనిషి చేసిందని దానర్థం. తప్పులేకుండా ఉన్నదే అనుమానించాల్సింది. వంద రూపాయలు ఎక్కువైనా బేరం ఆడకుండా కొంటే, ఇంకో కుర్రాడు ఆ బల్ల ముందు నిలబడొచ్చు.

లడ్డూ మర్చిపోలేదు

ఇంటికి ఖాళీ చేతులతో వెళ్తే ఊరుకోరు కదా. బందరు లడ్డూని తొక్కుడు లడ్డూ అని ఎందుకంటారో చాలామందికి తెలియదు. శనగపిండితో పూస వేసి వేయించి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోసుకుంటూ మళ్లీ తొక్కుతారు. అందుకే నోట్లో పెట్టుకుంటే పలుకు తగలదు. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీ కుటుంబాలు ఈ మిఠాయిని తెచ్చాయని చెబుతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు రోజులాగి తింటే ఇంకా బావుంటుంది, ఆగగలిగితే.

మంగినపూడికి ఎండ తగ్గాక వెళ్లండి. ఇక్కడి తీరం ఇసక తెల్లగా ఉండదు, నల్లరేగడి కలిసి ఉంటుంది. దారిలో చిలకలపూడి పాండురంగడిని చూసుకోవచ్చు. రోల్డ్‌గోల్డ్ గాజులకీ ఆ పేటే పేరు.

మంగినపూడి, తపసిపూడి వైపే ఇప్పుడు కొత్త పోర్టు పనులు. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. 2023 మేలో మళ్లీ జరిగి, ఆ తరవాత పనులు మొదలయ్యాయి. 'ఈసారైనా' అన్నమాట బందరులో ఎవరిని కదిపినా వినపడుతుంది. రావాల్సిందే. ఇన్నేళ్లుగా ఓడ కోసం ఎదురుచూసిన ఊరికి ఓడ రావడంలో తప్పేముంది?

అయితే పోర్టుతో పాటు లారీలొస్తాయి, గోడౌన్లొస్తాయి, నేల ధర కొండెక్కుతుంది. అప్పుడు డచ్చివాళ్ల సమాధులున్న జాగా ఎవరికో కన్నుకుడుతుంది. ఏ కమిటీయో కూర్చుని వలందపాలేనికి ఇంకో పేరు పెడదామంటుంది. పెడన కాలవలో నీళ్లు ఎవరి వాటా అని తగువొస్తుంది. వీటన్నిటికీ ఖర్చు పెద్దగా లేదు. శ్మశానం దగ్గర తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు, కోట దాకా నడవడానికి దారి, స్కూలు పిల్లల్ని ఏడాదికోసారి తీసుకొచ్చి చూపించే మాస్టారు, అద్దకం నేర్చుకునే కుర్రాడికి సెల్‌ఫోన్ల షాపులో వచ్చేంత జీతం. అంతే.

ఓ ఆదివారం పెట్టుకోండి. బెంజి సర్కిల్ దాటాక స్టీరింగు తిప్పకుండా తిన్నగా పోనివ్వండి. రోడ్డే తీసుకెళ్తుంది.